నీళ్లు ఆపిన కార్తీకం

దిల్‌సుఖ్‌నగర్ మెట్రో స్టేషన్ దగ్గర ఆటో ఎక్కి బిందుమాధవి హాస్టల్ పేరు చెబితే ఎవరూ గుర్తుపట్టరు. పేరు బోర్డు మీద ఉంది గానీ ఆ బోర్డును ఆకులు మింగేసి చాలా కాలమైంది. "కాగితం పూల హాస్టలా? గా మాట ముందుగాల చెప్పాలె గదమ్మా" అంటాడు ఆటో అతను. గేటు పక్కన నేలలో పాతుకుని, ప్రహరీ గోడంతా కప్పి, రెండో అంతస్తు బాల్కనీ దాకా పాకిన చెట్టు అది. చలికాలం వచ్చిందంటే సందు మొదట్లోకే గులాబీ రంగు కనిపిస్తుంది. పిల్లల్ని దింపడానికి నల్లగొండ నుంచీ ఖమ్మం నుంచీ వచ్చే తండ్రులు మాత్రం పూలు చూడరు, ముళ్లు చూస్తారు. ఆ ముళ్ల మీదుగా గోడ దూకే మొనగాడు ఇంకా పుట్టలేదని వాళ్ల ధీమా. అది నిజం కూడా.

ఆ చెట్టు యజమానురాలు బిందుమాధవి గురించి చెప్పాలంటే కొంచెం ఓపిక కావాలి, ఎందుకంటే ఆవిడకు అది బొత్తిగా లేదు. రేపల్లె దగ్గర పల్లె నుంచి భర్త ఉద్యోగం వెంట హైదరాబాదు వచ్చింది. ఆయన హఠాత్తుగా పోయాక పుట్టింటివాళ్లు వచ్చెయ్యమన్నారు. ఈవిడ వినలేదు. హైస్కూల్లో చదువుతున్న కూతురు సింధును పక్కన పెట్టుకుని, ఈ ఇల్లు కిరాయికి తీసుకుని ఆడపిల్లల హాస్టల్ పెట్టింది. అప్పట్నుంచి ఆవిడ కాలు ఒకచోట నిలిచిన పాపాన పోలేదు. వంటింట్లో సాంబారు రుచి చూస్తూనే, మేడ మీద ట్యాంకు నిండిందా అని కేకేస్తుంది. ఎవరో గేటు తీశారని నిద్రలోంచి లేచి వస్తుంది. చేతులు ఖాళీగా ఉంటే ఏదో తప్పు చేస్తున్నట్టు ఉంటుందావిడకు. ఆ తప్పు తప్పించుకోవడానికి ఎదుటివాళ్ల ప్రాణం తీస్తుందన్నమాట.

మొదట్లో చెట్టు ప్రాణం కూడా అలాగే తీసింది. హాస్టల్లో బియ్యం కడిగిన నీళ్లన్నీ దానికే. పేడ ఎరువు దానికే, టీ పిప్పి దానికే. పురుగు లేకపోయినా వేపనూనె కొట్టేది. ఒత్తుగా వస్తుందని వారం వారం కత్తెర పట్టుకుని కొసలన్నీ కత్తిరించేది. చెట్టు ఒత్తుగానే వచ్చింది. ఆకులు అరచేతులంత వెడల్పున నిగనిగలాడాయి. పువ్వన్నది మాత్రం లేదు. పూల చెట్టని చెప్పి అడవి చెట్టు అంటగట్టారని నర్సరీ వాళ్లను వాళ్ల దుకాణం ముందే నిలబడి తిట్టి వచ్చింది. 

అలా ఉండగా ఒక వేసవిలో హాస్టల్ మూసి, తమ్ముడి గృహప్రవేశానికి రేపల్లె వెళ్లింది. అక్కడ జ్వరం పట్టుకుని ఇరుక్కుపోయింది. వంట చేసే సాయమ్మ కూడా తన ఊరికి పోయింది. చెట్టుకు చుక్క నీళ్లు పోసిన నాథుడు లేడు. తిరిగి వచ్చి ఆటో దిగేసరికి గోడంతా పూలే. ఆకు కనపడటం లేదు. ఇంకెవరైనా అయితే సంతోషిస్తారు. ఈవిడ సామాను గేటు ముందు దించి, నడుము మీద చేతులు పెట్టుకుని, "నేను లేకపోతే గానీ పూయవన్నమాట!" అంది. ఆ మాటలో కోపం ఉంది, కొంచెం అవమానం కూడా ఉంది.

అవమానం దిగమింగుకున్నాక ఆవిడ ఆ చెట్టు సంగతేమిటో పట్టించుకుంది. పొరపాట్లు చేసి, కొమ్మలు పోగొట్టుకుని, చివరికి ఒక పద్ధతికి వచ్చింది. తొలకరి పడగానే గట్టి కత్తిరింపు. చేతులకు గోనెపట్టా చుట్టుకుని, లోపలికి అల్లుకున్న కొమ్మల్ని, ఎండు పుల్లల్ని, నీళ్ల పైపును చుట్టేసిన తీగల్ని కోసి, చెట్టును సగానికి సగం దింపేస్తుంది. సరిగ్గా అప్పుడే కొత్త బ్యాచ్‌ల పిల్లలు వస్తారు. మోడును చూసి వాళ్ల అమ్మలు మొహం చిట్లిస్తారు. "ఏం చెయ్యమంటారు, దాని ముహూర్తమూ ఇప్పుడే" అంటుందీవిడ. పాదు తవ్వి, చివికిన పేడ, వేపపిండి, గుప్పెడు ఎముకల పొడి వేస్తుంది. వానలకు చిగుళ్లు తోసుకొస్తాయి. శ్రావణంలో వాటి కొసలు ఒకే ఒక్కసారి గిల్లుతుంది, పక్క కొమ్మలు వెయ్యడానికి. ఆ తర్వాత కత్తెర దాచెయ్యాలి, ఎందుకంటే పువ్వొచ్చేది కొత్త కొమ్మ కొసనే. వినాయక చవితి దాటాక పేడ కూడా బందు. కట్టెల బూడిద, అరటి తొక్కలు నానబెట్టిన నీళ్లు, అంతే.

ఇక కార్తీకంలో నీళ్లు ఆపెయ్యాలి. అదీ అసలు పని. దాహం వేస్తే గానీ ఆ చెట్టుకు పువ్వు సంగతి గుర్తుకురాదు. అలాగని ఆపేసి ఊరుకుంటే కుదరదు. రోజూ పొద్దున్నే ఆకును వేళ్ల మధ్య పట్టుకుని చూడాలి. ఆకు బిరుసుగా ఉన్నంత కాలం ఫరవాలేదు. మెత్తబడి వేలాడిందంటే ఆ పూటే నీళ్లు పోసి, మళ్లీ ఆపాలి. ఏమరుపాటుగా ఉంటే ఆకంతా రాలి కొమ్మ ఎండుతుంది. చలికాలం పూత అయిపోయాక పూసిన కొసలు తీసేసి ఇంకో గుప్పెడు ఎరువు వేస్తే, ఎండల్లో రెండో విడత పూస్తుంది.

నల్లగొండ పక్క పల్లె నుంచి వచ్చిన సాయమ్మకు ఈ నీళ్లు ఆపే తంతు ఏనాడూ మింగుడుపడలేదు. 

"పచ్చటి చెట్టును గట్ల మాడ్పుతరా అమ్మా? దాని ఉసురు తాకుతది" అనేది.

"నీకు తెలీదులే సాయమ్మా, ఊరుకో. కడుపు నిండితే అది పూయదు" అనేది బిందుమాధవి, తానే ఆ చెట్టును కనిపెట్టినట్టు.

ఇంత తెలివి సంపాదించిన మనిషి, కన్న కూతురి దగ్గరికి వచ్చేసరికి మాత్రం మళ్లీ మొదటికొచ్చేది. సింధు ఇంజనీరింగ్ పూర్తి చేసి గ్రూప్స్ పరీక్షకు తయారవుతోంది. రెండుసార్లు రాసింది, రెండుసార్లూ కొద్దిలో పోయింది. మూడోసారి చదువుతుంటే తల్లి తలుపు తోసుకుని వచ్చి బాదంపాలు పెట్టి పోయేది. కాసేపటికి గ్లాసు కోసం వచ్చేది. తర్వాత జామకాయ ముక్కలు. ఫ్యాను తగ్గించనా, లైటు మార్చనా, ఆ పాఠం ఎంతదాకా వచ్చింది, కళ్లు మండుతున్నాయా. బయటికెళ్లి, లోపలికి వినపడేలాగే, "మా సింధు ఈసారి కొట్టేస్తుంది" అని హాస్టల్ పిల్లలతో అనేది. పుస్తకం ముందున్న పిల్లకు ఆ మాట చెవిలో జోరీగ.

ఆషాఢంలో సింధు పెట్టె సర్దుకుంది. ఎల్బీనగర్‌లో లలితకుమారి అనే ఆవిడ నడిపే హాస్టల్లో చేరిపోయింది. మెట్రోలో మూడు స్టేషన్లు. హాస్టల్ నడిపేవాళ్ల అమ్మాయి ఇంకొకరి హాస్టల్లో మంచం తీసుకుందంటే దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్ల వాళ్లంతా ముక్కున వేలేసుకున్నారు. కొత్తపేట రైతుబజారులో ఒకావిడ నవ్వుతూ అడిగింది కూడా: "లలితకుమారి గారి చారు అంత బాగుంటుందా అండీ?" బిందుమాధవి గబగబా టమాటాలు ఏరుకుంది. ఇంటికొచ్చి చూస్తే అందులో సగం పుచ్చువే.

అయినా ఊరుకుందా? రోజు మార్చి రోజు క్యారేజీ పట్టుకుని ఎల్బీనగర్ వెళ్లేది. దసరా వెళ్లిన వారంలో సింధు ఆమెను గేటు దగ్గరే ఆపేసింది. పిల్ల సన్నబడింది, కళ్ల కింద నల్లగా ఉంది.

"అమ్మా, రూములో నలుగురం ఉన్నాం. అందరూ చూస్తున్నారు."

"చూస్తే చూడనీ. గోంగూర పచ్చడి ఉంది, వాళ్లకూ పెట్టు."

"అది కాదమ్మా." సింధు గొంతు తగ్గించింది. "నువ్వు ఇంక రాకు. పరీక్ష అయ్యేదాకా ఫోన్ కూడా చెయ్యకు. నీ అడుగుల చప్పుడు వినపడితే చదివిందంతా మర్చిపోతున్నాను. నన్ను వదిలెయ్."

బిందుమాధవి క్యారేజీ అక్కడే గేటు దిమ్మ మీద పెట్టి వచ్చేసింది. స్టేషన్లో రైళ్లు వచ్చి పోతున్నా ఎక్కలేదు. ఏడుపొచ్చింది, కోపమొచ్చింది, పిల్ల చెప్పినదాంట్లో తప్పేముందా అని కూడా అనిపించింది. ఉన్నది ఒక్కత్తే కూతురు. ఈ పరీక్ష పోతే మళ్లీ లేవదేమోనని భయం, తన వల్లే పోతుందేమోనని ఇంకా పెద్ద భయం. అప్పుడు చెట్టు గుర్తొచ్చింది. ఎన్నేళ్లు దాన్ని తన ప్రేమతో పూయనివ్వలేదు! తను పక్కకు తప్పుకుంటేనే కదా పూసింది. పిల్లకూ అదే కావాలి. ఆ మాట తట్టగానే ఆవిడకు ఎంత ధైర్యం వచ్చిందంటే, తలుపులు మూసుకుపోతున్న రైల్లోకి పరుగున ఎక్కేసింది.

ఆ రోజు నుంచి వెళ్లలేదు. ఫోన్ చెయ్యలేదు. దీపావళికి కూడా చెయ్యలేదు. దీక్ష పట్టినట్టు పట్టింది. 

దీక్ష పట్టింది గానీ ఒంట్లో ఉన్న ఆరాటం ఎక్కడికి పోతుంది? కాలు కాలిన పిల్లిలా తిరిగింది. పొద్దున్నే స్నానం చేసి కర్మన్‌ఘాట్ హనుమంతుడికి ప్రదక్షిణలు చేసి వచ్చేది. వచ్చి, ఉతికిన దుప్పట్లే మళ్లీ ఉతికించేది. సింధుకిష్టమని జామకాయలు కొని, ఇంటికొచ్చాక ఎవరికి పెట్టాలో తెలియక హాస్టల్ పిల్లలకు పంచేది. వాళ్ల తలుపులు తట్టి, పాఠం ఎంతదాకా వచ్చిందని అడగటం మొదలుపెట్టింది. బ్యాంకు పరీక్షలకు చదివే ఒక పిల్ల దండం పెట్టి మరీ వేడుకుంది. ఒక సాయంత్రం చెప్పులేసుకుని స్టేషన్ దాకా పోయి, గేటు దగ్గర కార్డు తాకించి, ప్లాట్‌ఫారం మీద ఒక చివర నుంచి ఇంకో చివరకు నడిచి, వెనక్కి వచ్చేసింది.

"గింత పరేషాన్ ఎందుకమ్మా? ఒక్క ఫోన్ చెయ్యరాదు?" అంది సాయమ్మ, బియ్యం చెరుగుతూ.

"చెయ్యను. నన్నడక్కు."

"పోనీ నేను పోతా. మా చర్చి ఆడ్నే గద, ఎల్బీనగర్ల. ఐతారం ప్రార్థన అయినంక జర పిల్లను సూసొస్తా. నువ్వు పంపినవని చెప్పనే చెప్ప."

బిందుమాధవి మనసు ఒక్క క్షణం ఊగింది. వెంటనే బిగించుకుంది. "వద్దు. అది దొంగచాటుగా నీళ్లు పోసినట్టే. ఇన్నాళ్లు ఆపింది దండగైపోతుంది."

"పిల్లకూ చెట్టుకూ పోలికేందమ్మా!"

"నువ్వు ఊరుకుంటావా?"

సాయమ్మ ఊరుకుంది. ఊరుకుని, తెల్లవారుజామున ఎవరూ చూడకుండా ఒక చెంబెడు నీళ్లు పాదులో పోసింది. పిల్లకు పోయనివ్వకపోతే చెట్టుకైనా పోద్దామనుకుందేమో. తడి మట్టి చూసి బిందుమాధవి ఒంటికాలి మీద లేచింది. ఆ ఏడు ఆవిడ చెట్టును చూసినంత జాగ్రత్తగా ఎన్నడూ చూడలేదు. ఇంకా పూర్తిగా వెలుగు రాకముందే వచ్చి ఆకు పట్టుకునేది. కింది కొమ్మ, పై కొమ్మ, గోడ అవతలి కొమ్మ. ఆకు వేలాడిన రోజున తానే బకెట్టుతో పోసేది. మళ్లీ ఆపేది. పిల్ల గురించి బెంగ తట్టుకోలేనప్పుడల్లా ఆకు దగ్గరికి వచ్చేది.

మార్గశిరంలో చెట్టు విరగబూసింది. ఏ ఏడూ అలా పూయలేదు. సందులో పోయేవాళ్లు బండ్లు ఆపి ఫోటోలు తీసుకున్నారు. బోర్డుతో పాటు గేటు కూడా కనపడకుండా పోయింది. బిందుమాధవికి కాళ్లు నేల మీద ఆనలేదు. ఇది శుభసూచన కాకపోతే మరేమిటి? పరీక్ష ఇంకో వారం ఉందనగా ఇక ఉండబట్టలేక, ఒక్క మాటా రాయకుండా, పూల ఫోటో ఒకటి సింధుకు పంపింది. చూసినట్టు నీలం టిక్కులు వచ్చాయి. జవాబు రాలేదు. "చదువుకుంటోంది" అనుకుంది. ఫోన్ తీసి తీసి ఆ నీలం టిక్కుల్నే చూసుకుంటూ వారం గడిపింది.

పరీక్ష రోజు పొద్దున్నే, కనపడకుండా దూరం నుంచి ఒక్కసారి చూసి వద్దామని బయల్దేరింది. అది మాట తప్పినట్టు కాదని తనకు తానే సర్దిచెప్పుకుంది. ఎల్బీనగర్‌లో ఆ హాస్టల్ ఎదుట ఒక టీ బండి చాటున నిలబడింది. చేతిలో కర్మన్‌ఘాట్ సిందూరం పొట్లం చెమటకు తడుస్తోంది. హాల్ టికెట్లు, అట్టలు పట్టుకుని పిల్లలు ఒక్కొక్కరే బయటికొచ్చారు. ఒకమ్మాయి నోట్లో అరటిపండు కుక్కుకుంటూ ఆటో వెనక పరిగెత్తింది. సింధుతో గదిలో ఉండే ముగ్గురూ వచ్చి వెళ్లిపోయారు. సింధు రాలేదు. టీ బండి అతను రెండోసారి గిన్నె కడిగాడు. ఇక ఆటోలో వెళ్లినా పరీక్ష సెంటర్ గేట్లు మూసేస్తారన్న వేళ అయ్యేసరికి బిందుమాధవి ఇక చాటున ఉండలేకపోయింది. రోడ్డు అడ్డంగా దాటి, "ఇప్పుడు పైకి వెళ్లకూడదండీ" అంటున్న లలితకుమారిని తోసుకుని మెట్లెక్కేసింది.

సింధు మంచం మీద గోడకు చేరగిలబడి కూర్చుని ఉంది. జుట్టు దువ్వుకోలేదు. పుస్తకాలన్నీ మంచం కింద కట్టగా కట్టి ఉన్నాయి, ముడి మీద దుమ్ము కూడా పట్టింది.

"జ్వరమా? ఏమైంది? టైమైపోతోందే! లే, ఆటో పిలుస్తాను. హాల్ టికెట్ ఏదీ?"

"నేను వెళ్లట్లేదమ్మా."

"వెళ్లకపోవడమేమిటి?"

"దీపావళి నుంచే పుస్తకం తియ్యలేదు. కోచింగ్‌కి కూడా పోవట్లేదు. కూర్చుంటే అక్షరం ఎక్కట్లేదు. రోజంతా ఇలాగే ఉంటున్నాను."

బిందుమాధవి మంచం కింది పుస్తకాల కట్టను చూసింది. "నాకొక్క ఫోన్ చెయ్యొచ్చు కదే" అంది.

"చెయ్యొద్దని నేనే అన్నాక ఏ మొహంతో చెయ్యను? మొండితనంలో నీ కూతుర్నే కదా." సింధు తల్లి వైపు చూడకుండా మాట్లాడుతోంది. "నన్ను వదిలెయ్ అన్నాను. నిజంగా వదిలేస్తావని అనుకున్నానా? ఎప్పుడు నా మాట విన్నావు గనక! రెండో రోజే వస్తావనుకున్నాను. కింద గేటు చప్పుడైతే నువ్వేనని తొంగి చూసేదాన్ని. దీపావళి రోజు ఫోన్ పక్కన పెట్టుకునే కూర్చున్నాను. రాలేదు. ఈసారీ నా వల్ల కాదని నీకు తెలిసిపోయింది, విసిగిపోయి చేతులు దులుపుకున్నావు అనుకున్నాను. ఆ పూల ఫోటో కింద కూడా ఒక్క మాట లేదు."

"అయ్యో, నాన్నా! విసుగేమిటి!" బిందుమాధవి మంచం పక్కన చతికిలబడింది. చెట్టు సంగతి చెప్పింది. రైళ్లు వదిలేస్తూ స్టేషన్లో కూర్చోవడం, పక్కకు తప్పుకుంటేనే పూస్తుందని తట్టడం, ప్లాట్‌ఫారం దాకా వచ్చి తిరిగిపోవడం, సాయమ్మను కూడా రానివ్వకపోవడం, అన్నీ గబగబా, ఒకదాని మీద ఒకటి పడేస్తూ చెప్పింది. "నీళ్లు ఆపితేనే కదా అది పూసేది. నీకూ అంతేననుకున్నాను."

సింధు అప్పుడు తల తిప్పి తల్లిని చూసింది. కళ్లలో నీళ్లు తిరిగాయి గానీ గొంతు మామూలుగానే ఉంది.

"చెట్టుకైతే రోజూ పొద్దున్నే ఆకు పట్టుకుని చూసేదానివి కదమ్మా."

ప్రేమతో ఊపిరాడనివ్వకపోవడం ఒక తప్పయితే, ఇది అంతకంటే పెద్ద తప్పు, దీన్ని త్యాగమనుకుని గర్వపడుతూ చేసింది. ఆవిడ అరచెయ్యి కూతురి మోకాలి మీద పడి ఉంది, తియ్యాలో ఉంచాలో తెలియలేదు. కింద రోడ్డు మీద బస్సులు హారన్లు కొడుతున్నాయి. అడగాల్సినవి వంద ఉన్నాయి. ఇక ఏం చేస్తావు, ఇంటికొస్తావా, నన్ను క్షమించావా.

"తిన్నావా?" అంది చివరికి.

"లేదు" అంది సింధు, ఇక ఆగలేక భోరుమంది.

రింగురోడ్డు పక్కన ఒక టిఫిన్ సెంటర్లో నిలబడే ఇడ్లీ తిన్నారు. సింధు రెండు ప్లేట్లు తింది. మూడోది కూడా చెప్పబోయి బిందుమాధవి ఆగిపోయింది, సింధే చెప్పింది. పరీక్ష మాట ఇద్దరూ ఎత్తలేదు. ఈ నెల ఇక్కడే ఉంటానని, ఏం చెయ్యాలో కొంచెం ఆలోచించుకుంటానని సింధు అంది. రమ్మని బతిమాలాలని తల్లికి నాలుక చివరి దాకా వచ్చింది. సరేనంది. సింధు స్టేషన్ మెట్ల దాకా వచ్చింది. మళ్లీ ఎప్పుడు రావాలో, అసలు రావచ్చో రాకూడదో బిందుమాధవి అడగలేకపోయింది. అడిగితే ఎక్కువవుతుందేమో, అడగకపోతే తక్కువవుతుందేమో. ఆ రెంటి మధ్యా నలుగుతూనే రైలెక్కింది.

తలుపులు మూసుకున్నాయో లేదో ఫోన్ మోగింది.

"ఎక్కావా అమ్మా?"

"ఎక్కాను."

"సీటు దొరికిందా?"

"దొరికింది."

అటు వైపు బస్సుల చప్పుడు వినిపిస్తోంది. సింధు ఇంకా మెట్ల దగ్గరే ఉంది.

"రేపు పొద్దున్నే ఫోన్ చెయ్యి. నేను లేవకముందే చెయ్యి" అంది సింధు.

బిందుమాధవి తలూపింది.

"అమ్మా, వింటున్నావా?"

"వింటున్నానే" అంది బిందుమాధవి.